ఉక్రేనియన్ భాష సున్నా నుంచి నేర్చుకోవాలి, ఎక్కడ మొదలెట్టాలి?

చలిమంట_ఎడ్మంటన్ · నవంబర్ 9

అందరికీ నమస్తే. మాది తణుకు. ఆరేళ్ళ నుంచి ఎడ్మంటన్‌లో ఉంటున్నాం. 2022లో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు మా పక్కింట్లో దిగారు. కొడుకు, కోడలు పొద్దున్నే పనికి వెళ్ళిపోతారు. ఇంట్లో ఉండేది డెబ్భై దాటిన బామ్మగారు ఒక్కరే. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఉక్రేనియన్ రాదు. మా ఆవిడ నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటుంది. కాబట్టి పగలంతా ఇంటి నుంచి పనిచేసుకునే నాకూ ఆ బామ్మగారికీ మధ్య ఉండేది ఒక కంచె, బోలెడంత మంచు.

పోయిన శనివారం మంచు ఎత్తిపోస్తుంటే కంచె మీదుగా ఒక డబ్బా అందించారు. మూత తీస్తే ఆవిర్లు. మన కజ్జికాయల్ని నూనెలో వేయించకుండా నీళ్ళలో ఉడకబెడితే ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. లోపల బంగాళాదుంప, పైన వేయించిన ఉల్లిపాయ. వాటిని వరేనికి అంటారని తర్వాత వెతికి తెలుసుకున్నా. నేను 'థాంక్యూ' అన్నాను. ఆవిడ పది నిమిషాలు ఏదో చెప్పారు. మధ్యలో నవ్వారు, ఒకసారి కళ్ళు తుడుచుకున్నారు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ తల దించాలో తెలీక మొత్తానికీ తలూపుతూ నిలబడ్డా.

ఆ రాత్రే అనుకున్నా, నేర్చుకోవాలని. వయసు నలభై. రోజుకి అరగంట కేటాయించగలను. తెలుగు ద్వారా నేర్పేది ఎక్కడా కనబడలేదు. ఇంగ్లీషు వీడియో ఒకటి చూస్తే మొదటి పది నిమిషాల్లోనే 'ఏడు కేసులు, అంటే విభక్తులు, చాలా కష్టం' అని భయపెట్టాడు. ఎవరైనా నేర్చుకున్నవాళ్ళు ఉంటే దారి చూపించండి.

నిద్రలేని_పిల్లి · నవంబర్ 9

నలభైలో కొత్త భాషా! నాకు ముప్పై రెండుకే ఏటీఎం పిన్ గుర్తుండట్లేదు. దారి దొరికితే వెనకే వస్తా, ఫాలో కొట్టాను.

వరంగల్_డాక్టర్ · నవంబర్ 10

చలిమంట గారూ, నేను ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివాను. 2022 మార్చిలో బాంబుల మధ్య పీసొచిన్ దాకా నడిచి బయటపడ్డ బ్యాచ్ మాది. ఆ కథ ఇంకోసారి.

ముందు లిపి. మిగతావన్నీ తర్వాత. ఉక్రేనియన్ మాటల్ని తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ రాసుకుని బట్టీ పట్టే పని అసలు పెట్టుకోకండి. అక్షరాలు 33, రెండు వారాంతాలు చాలు. అందులో అ, ఒ, క, మ, త లాంటివి చూస్తే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లాగే ఉంటాయి, అలాగే పలుకుతాయి. ఇబ్బందంతా ఆరు దొంగ అక్షరాలతో. హెచ్ ఆకారంలో ఉన్నది 'న'. పీ ఆకారంలో ఉన్నది 'ర'. సీ అంటే 'స', బీ అంటే 'వ', వై అంటే 'ఉ', ఎక్స్ అంటే 'ఖ'. ఈ ఆరూ కళ్ళకి అలవాటయ్యేదాకా రోజూ ఫోన్‌లో ఏదో ఒక ఉక్రేనియన్ దుకాణం బోర్డు ఫొటో తెరిచి పైకి చదవండి. అర్థం అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. అచ్చు అక్షరాలు వచ్చేశాయని సంబరపడకండి. చేతిరాత వేరే లోకం. రాతలో చిన్న 'త' చూడటానికి ఇంగ్లీషు ఎమ్ లాగా ఉంటుంది. ప్రొఫెసర్ బోర్డు మీద రాస్తుంటే మేము మొదటి నెలంతా పక్కవాడి పుస్తకంలోకి చూశాం, పక్కవాడు మా పుస్తకంలోకి చూశాడు.

రాజమండ్రి_మాస్టారు · నవంబర్ 10

నాయనా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు. కోడలిది తెర్నోపిల్. వియ్యపురాలితో వీడియో కాల్‌లో మాట్లాడాలని అరవై మూడేళ్ళ వయసులో మొదలుపెట్టాను. అందుకని నలభై ఏళ్ళు అనే మాట నా దగ్గర చెల్లదు.

లిపి విషయంలో డాక్టరు గారితో ఏకీభవిస్తాను. కానీ తెలుగుని పక్కన పెట్టమంటే మాత్రం ఒప్పుకోను. ఇంగ్లీషు పుస్తకం అరపేజీ వివరించే ధ్వనులు మన నోట్లో ఇప్పటికే ఉన్నాయి. 'చాప' అనండి. ఇప్పుడు 'చీమ' అనండి. రెండు చ-లూ ఒకటి కావు కదా? చాపలో ఉన్నది, చలిలో, చుక్కలో ఉన్నది వాళ్ళకి ఒక అక్షరం. చీమలో ఉన్నది ఇంకో అక్షరం. తేడా ఏమిటంటే మనం ఆ చాప చ-ని అ, ఉ, ఒ పక్కనే పలుకుతాం, వాళ్ళు ఎ పక్కన కూడా పలుకుతారు. 'ఇది' అనడానికి వాళ్ళ మాట 'త్సె'. చాపలో చ తెచ్చి దానికి ఎత్వం ఇవ్వండి, అదే. అలాగే 'పశ్చిమ' అనే మాటలో శ్చ ఉంది చూశారా, దానికి వాళ్ళు ఏకంగా ఒక ప్రత్యేక అక్షరమే పెట్టుకున్నారు. 'ష్చొ త్సె?' అంటే 'ఇదేమిటి?' ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని మా వియ్యపురాలి వంటిల్లంతా తిరిగాను.

ఇంకొకటి. రష్యన్‌లో 'గ' పలికే అక్షరం ఉక్రేనియన్‌లో 'హ' పలుకుతుంది. అచ్చమైన 'గ' కోసం పైన చిన్న కొమ్ము ఉన్న అక్షరం వేరే ఉంది. 1933లో సోవియట్ ప్రభుత్వం దాన్ని వర్ణమాల నుంచి తీసేసింది. 1990లో తిరిగి చేర్చారు. మన బండి ఱ-ని గుర్తు చేసుకోండి, ఉందా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటాం.

నిద్రలేని_పిల్లి · నవంబర్ 10

మాస్టారూ, ఇప్పుడే నేను 'చాప, చీమ, చాప, చీమ' అని పదిసార్లు అంటే మా అమ్మ వచ్చి జ్వరం ఉందేమో అని నుదురు పట్టుకుని చూసింది.

రాజమండ్రి_మాస్టారు · నవంబర్ 10

మీ అమ్మగారిని ఇంకాస్త కంగారు పెట్టే సంగతి చెప్తాను. ఉక్రేనియన్‌లో 'మామ' అంటే అమ్మ. 'తాతొ' అంటే నాన్న. 'బాబ' అంటే అమ్మమ్మ లేక నాయనమ్మ. మొదటిసారి మా మనవడు వీడియోలో మా అబ్బాయిని 'తాతొ' అని పిలిస్తే నన్నే పిలిచాడనుకుని 'ఏం నాన్నా' అన్నాను.

అన్నట్టు, వియ్యంకుడికి ఇంగ్లీషులో మాట లేదని మనం ఎప్పుడూ బాధపడతాం కదా, వీళ్ళకి ఉంది. వియ్యంకుడు 'స్వాత్', వియ్యపురాలు 'స్వాఖ'.

బెజవాడ_బ్యాక్‌బెంచర్ · నవంబర్ 11

అందరూ ఇంత ఉత్సాహంగా ఉన్నారు కానీ ఒక డౌట్. రష్యన్ నేర్చుకుంటే అక్కడా ఇక్కడా పనికొస్తుంది కదా? ఆ బామ్మగారి వయసు వాళ్ళకి రష్యన్ రాకుండా ఉండదు. రెండూ ఒకటే భాష, యాస తేడా అంతే అని మా బాబాయి అంటాడు. మెటీరియల్ కూడా రష్యన్‌కే ఎక్కువ.

వరంగల్_డాక్టర్ · నవంబర్ 11

మీ బాబాయి మాట నమ్మి నేను ఆరేళ్ళు ఉన్నాను అక్కడ. ఖార్కివ్‌లో అప్పట్లో బజార్లో ఎక్కువగా రష్యనే వినబడేది. మాకు నేర్పిందీ అదే. మూడో ఏడాది హాస్పిటల్ పోస్టింగ్‌లో పల్లెల నుంచి వచ్చిన పేషెంట్లు ఎదురయ్యాక అసలు సంగతి తెలిసింది. 'దె బొలీత్?' అంటే 'ఎక్కడ నొప్పి?' అని నేను అడగడం వరకే. ఆవిడ చెప్పే జవాబులో సగం మాటలు నాకు రావు.

యాస తేడా అనుకునేవాళ్ళ కోసం. రష్యన్‌లో 'నెదేల్య' అంటే వారం. ఉక్రేనియన్‌లో 'నెదీల్య' అంటే ఆదివారం. వారాన్ని 'తీజ్దెన్' అంటారు. రష్యన్ 'చాస్' అంటే గంట, ఉక్రేనియన్ 'చాస్' అంటే కాలం. వీటన్నిటికంటే ప్రమాదం 'వ్రొద్లీవ'. ఉక్రేనియన్‌లో అందగత్తె అని. దాన్ని పోలిన రష్యన్ మాటకి అర్థం అనాకారి. మా ఇంటి ఓనరమ్మ మనవరాలి ఫొటో చూపించి ఆ మాట అంటే, నేను మర్యాదకి 'లేదండీ, అలా ఏం లేదు' అన్నాను. ఆ నెల అద్దె విషయంలో ఆవిడ అస్సలు కనికరించలేదు.

మాటల పరంగా ఉక్రేనియన్‌కి రష్యన్ కంటే బెలారుసియన్, పోలిష్ దగ్గర. ఆ బామ్మగారికి రష్యన్ వచ్చే ఉండొచ్చు. కానీ ఇల్లు వదిలి వచ్చిన మనిషితో ఈ రోజున ఏ భాషలో పలకరించాలనేది డిక్షనరీ తేల్చే విషయం కాదు. ఖార్కివ్ వదిలాకే నేనూ ఉక్రేనియన్ నేర్చుకున్నా. ఆ ఓనరమ్మ కోసమే. జీవితమంతా రష్యన్ మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఫోన్‌లో పట్టుబట్టి ఉక్రేనియనే మాట్లాడుతుంది. తప్పులు పోతే తనే దిద్దుకుంటుంది.

రాజమండ్రి_మాస్టారు · నవంబర్ 11

బ్యాక్‌బెంచర్ గారి బాబాయికి నా తరఫున కూడా ఒక ముక్క. రష్యన్ సామ్రాజ్యం 1863లో ఒకసారి, 1876లో ఇంకా గట్టిగా ఈ భాషలో పుస్తకాలు అచ్చు వేయడాన్ని అడ్డుకుంది. యాసని ఎవరైనా ఉత్తర్వు ఇచ్చి నిషేధిస్తారా? కొత్ల్యరేవ్‌స్కీ అనే కవి వాడుక భాషలో రాసిన కావ్యం 1798లో వెలువడింది. అక్కడి నుంచే ఆధునిక సాహిత్యాన్ని లెక్కపెడతారు. మన గిడుగు వారి పోరాటం చదివినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

బెజవాడ_బ్యాక్‌బెంచర్ · నవంబర్ 11

సరే సరే, బాబాయికి ఫార్వర్డ్ చేశా. రిప్లై రాలేదు. బ్లూ టిక్ పడింది.

చలిమంట_ఎడ్మంటన్ · నవంబర్ 30

మూడు వారాల రిపోర్ట్. అక్షరాలు వచ్చేశాయి. డ్యుయోలింగోలో ఇంగ్లీషు ద్వారా నేర్పే ఉక్రేనియన్ కోర్సు 2015 నుంచే ఉందట, అక్షరాలకి, చిన్న మాటలకి అది వాడుతున్నా. బామ్మగారికి 'దోబ్రియ్ దెన్' అంటే నమస్తే లాగా, 'ద్యాకుయు' అంటే ధన్యవాదాలు, ఈ రెండూ చెప్పగలిగా. మొదటిసారి ద్యాకుయు అన్నప్పుడు ఆవిడ చేతిలో చీపురు పక్కన పెట్టేసి వచ్చి నా రెండు బుగ్గలూ పట్టుకున్నారు. నలభై ఏళ్ళవాడి బుగ్గలు.

నిన్న పరువు పోయింది. ఆవిడ ఊరగాయ దోసకాయల సీసా ఇచ్చారు, పెద్దది. ఊరికే తీసుకోవడం బాగోదని డబ్బులిస్తానని చెప్పాలనుకున్నా. యాప్‌లో వెతికి ఒకే ఒక్క మాట పట్టుకుని వెళ్ళి, పర్సు తీసి, 'ప్లాచు, ప్లాచు' అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి నీళ్ళిచ్చి వీపు నిమిరారు. సాయంత్రం కోడలు వచ్చి అడిగింది, 'అంకుల్, ఏమైంది, మధ్యాహ్నం ఏడుస్తున్నానని చెప్పారట?'

ఎవరైనా చెప్తారా ఇది ఎలా జరిగిందో?

పద్మజ_వార్సా · నవంబర్ 30

హహహ, చలిమంట గారూ, క్షమించండి, నవ్వాపుకోలేకపోతున్నా. 'ప్లచూ' అని చివర ఒత్తితే డబ్బులిస్తాను. 'ప్లాచు' అని మొదట ఒత్తితే ఏడుస్తున్నాను. అక్షరాలు ఒక్కటి కూడా తేడా లేదు. 'జామొక్' కోట, 'జమోక్' తాళం, అదీ అంతే. ఈ భాషలో అసలు కష్టం కేసులు కాదు, ఈ ఊనికే, అంటే ఎక్కడ ఒత్తి పలకాలనేదే. మాటలో ఎక్కడైనా పడొచ్చు, పుస్తకంలో గుర్తు పెట్టరు, విభక్తి మారితే అది కూడా పక్కకి జరగొచ్చు.

నేను నేర్చుకున్న పాఠం ఏంటంటే ఏ మాటనీ చూసి నేర్చుకోకూడదు, వినే నేర్చుకోవాలి. 'హొరోఖ్' అని ఒక ఆన్‌లైన్ నిఘంటువు ఉంది. పేరుకి అర్థం బఠాణీ. ఏ మాట కొట్టినా ఊనిక ఎక్కడో, అన్ని విభక్తుల్లో ఎలా మారుతుందో చూపిస్తుంది. విక్షనరీలో కూడా ఉంటుంది. వినడానికి 'ఉక్రేనియన్ లెసన్స్ పాడ్‌కాస్ట్' మొదటి సీజన్ నుంచి వరసగా వినండి. నిదానంగా మాట్లాడతారు, ఇంగ్లీషులో వివరిస్తారు. వ్యాకరణం కసరత్తులకి కాన్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళ 'దోబ్ర ఫోర్మ' ఉచితంగా దొరుకుతుంది. అది మూడో నెల నుంచి ముట్టుకోండి, ఇప్పుడొద్దు.

ఒక ఊరట. రష్యన్‌లో ఊనిక లేని ఒ కాస్తా అ అయిపోతుంది. ఇక్కడ అలా కాదు, 'మొలొకో' అంటే మూడు ఒ-లూ ఒ-లే. రాసినట్టు పలకడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య.

చలిమంట_ఎడ్మంటన్ · డిసెంబర్ 1

పద్మజ గారూ, మీరు ఎలా నేర్చుకున్నారు? టీచర్‌ని పెట్టుకున్నారా?

పద్మజ_వార్సా · డిసెంబర్ 1

పెట్టుకున్నా. మా టీమ్‌లో నలుగురు ఉక్రెయిన్ వాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి తన పిన్నిని పరిచయం చేసింది. పొల్తావాలో స్కూల్ టీచర్. వారానికి రెండు క్లాసులు, ఆన్‌లైన్‌లో. మొదలుపెట్టింది 2022 అక్టోబర్‌లో. సరిగ్గా కరెంటు కేంద్రాల మీద దాడులు మొదలైన నెల.

క్లాసు మధ్యలో స్క్రీన్ నల్లబడిపోయేది. రెండు నిమిషాలకి ఫోన్ డేటా మీద తిరిగి వచ్చేవారు. తల మీద ఎలుగుబంటి బొమ్మ ఉన్న టోపీ, దానికి కట్టిన చిన్న టార్చిలైటు. 'స్వీత్ల నెమాయె' అనేవారు. కరెంటు లేదు అని. వెంటనే, 'ఇప్పుడు చూడు, స్వీత్లొ కాస్తా స్వీత్ల ఎందుకైంది?' అని అడిగేవారు. లేదు అన్నప్పుడు లేని వస్తువు షష్ఠిలోకి వెళ్తుంది. ఈ నియమాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ టార్చి వెలుతురులో నేర్చుకున్నా. సైరన్ మోగితే 'త్రివోహ' అని ఒక్క మాట చెప్పి ల్యాప్‌టాప్‌తో సహా కారిడార్‌లోకి మారేవారు. గోడకి ఆనుకుని మళ్ళీ 'సరే, మూడో వాక్యం' అనేవారు. నేనే వద్దనేదాన్ని. ఆవిడ ఒప్పుకునేవారు కాదు.

నిద్రలేని_పిల్లి · డిసెంబర్ 1

ఇక్కడ జోకులేద్దామని వచ్చి ఊరుకున్నా.

రాజమండ్రి_మాస్టారు · డిసెంబర్ 4

పద్మజమ్మ 'లేదు' గురించి చెప్పింది కాబట్టి నేను చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నది చెప్తాను. ఇంగ్లీషులో 'లేదు' అనే క్రియ లేదు. ఉంది అనే దానికి ముందో వెనకో 'నాట్' తగిలిస్తారు. మనకి ఉంది, లేదు వేర్వేరు. వాళ్ళకీ 'యె', 'నెమాయె' వేర్వేరు. ఇంగ్లీషు మెట్ల మీదుగా ఉక్రేనియన్‌లోకి దిగేవాడు ఎందుకు ఆయాసపడతాడో, మనం ఎందుకు పడనక్కర్లేదో ఇందులోనే ఉంది.

'నేను ఇంజనీర్ని' అనడానికి ఇంగ్లీషువాడికి మధ్యలో 'యామ్' కావాలి. ఉక్రేనియన్‌లో 'యా ఇంజెనేర్', అయిపోయింది. ఏ, ద అనే ఉపపదాలు లేవు. నువ్వు, మీరు తేడా ఉంది: 'తి', 'వి'. ఇక అన్నిటికంటే ముద్దొచ్చేది 'మెనీ'. నాకు అని. మెనీ ఖోలొద్నొ, నాకు చలిగా ఉంది. మెనీ త్రేబ, నాకు కావాలి. మెనీ సోరొక్ రొకీవ్, నాకు నలభై ఏళ్ళు. చలిమంట గారూ, ఈ మూడో వాక్యం మీదే. ఇంగ్లీషువాడు నేను చలి, నేను నలభై అంటాడు. మనకీ వాళ్ళకీ చలి, వయసు, అవసరం మనకి వచ్చి పడేవి.

ఇప్పుడు ఆ ఏడు కేసుల భూతం. మనం చిన్నప్పుడు డు ము వు లు ప్రథమా విభక్తి అంటూ సంబోధనతో కలిపి ఎనిమిది చదువుకున్నవాళ్ళం. ఏడుకి భయపడతామా? పైగా సంబోధన వాళ్ళకీ ఉంది. 'మామ' పిలిస్తే 'మామొ'. 'ఒలేన' పిలిస్తే 'ఒలేనొ'. 'ఇవాన్' పిలిస్తే 'ఇవానె'. అమ్మని అమ్మా అన్నట్టే. మీ బామ్మగారిని 'బబూస్య' కాదు, 'బబూస్యు' అని పిలవండి. పేరు మార్చకుండా అంటే పిలుపు కాదు, ప్రస్తావన.

ఒక్క టీ కప్పులో మూడు విభక్తులు చూపిస్తాను. టీని వాళ్ళు 'చాయ్' అంటారు, ఏమీ మార్చక్కర్లేదు. పంచదార 'త్సూకొర్'. పంచదారతో చాయ్ అంటే 'చాయ్ జ్ త్సూక్రొమ్'. పంచదార లేకుండా అంటే 'చాయ్ బెజ్ త్సూక్రు'. పాలతో 'జ్ మొలొకోమ్', పాలు లేకుండా 'బెజ్ మొలొకా'. నాకు షుగరు ఉంది కాబట్టి 'బెజ్ త్సూక్రు' అనేది ఈ భాషలో నేను ఎక్కువసార్లు వాడిన మాట.

వరంగల్_డాక్టర్ · డిసెంబర్ 4

మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ చలిమంట గారిని ఇంత ధైర్యంగా నీళ్ళలోకి తోసేస్తే మునుగుతారు. అర్థాల వరకు మీరు చెప్పింది నిజం. ఆకారాల దగ్గర తెలుగు సాయం రాదు.

మనకి 'తో' ఒకటే. పాలతో, అమ్మతో, స్నేహితుడితో, పిల్లలతో, దేనికైనా అదే తో అంటుకుంటుంది. వాళ్ళకి పాలతో 'మొలొకోమ్', అమ్మతో 'మామొయు', పిల్లలతో 'దీత్‌మీ'. మాట లింగాన్ని బట్టి, ఏకవచనమా బహువచనమా అన్నదాన్ని బట్టి చివర మారుతుంది. ముందు విశేషణం ఉంటే అది కూడా మారాలి. వేడి పాలతో అంటే 'జ్ హర్యాచిమ్ మొలొకోమ్'. మన వేడి ఎప్పుడూ వేడే. బల్లకీ పుస్తకానికీ లింగం ఉంటుంది, మన బుర్ర దానికి ఒప్పుకోదు. ఇక అంకెలు. ఒక ఏడాది 'రీక్', రెండు నుంచి నాలుగు దాకా 'రోకి', ఐదు నుంచి 'రొకీవ్'. మధ్యలో రీ కాస్తా రో ఎందుకైందని అడగకండి. కాదు, అడగండి. అక్షరం హల్లుతో మూసుకుంటే ఈ, తెరుచుకుంటే ఒ. కీత్ అంటే పిల్లి, పిల్లిని అంటే కొతా. ల్వీవ్ ఊరు, అక్కడి నుంచి వస్తే 'జి ల్వోవ'.

కాబట్టి పట్టికలు బట్టీ పట్టకుండా వాక్యాలు పట్టండి. ఒక్కో విభక్తికి రోజూ వాడే రెండు వాక్యాలు. మాస్టారి టీ కప్పు అందుకు చక్కగా పనికొస్తుంది, ఆ మాట ఒప్పుకుంటా.

నిద్రలేని_పిల్లి · డిసెంబర్ 4

కీత్ అంటే పిల్లా! పేరు మార్చుకుంటున్నా.

రాజమండ్రి_మాస్టారు · డిసెంబర్ 5

డాక్టరు గారూ, ఒప్పుకున్నాను. సంస్కృత శబ్దమంజరి ముందేసుకుని రామః రామౌ రామాః వల్లించిన బాల్యం కనుక నాకు పట్టికలంటే భయం లేదు. అందరికీ అది ఉండదని మరిచాను. అన్నట్టు ఆ సంస్కృతం కూడా కాస్త ఆదుకుంటుంది. త్రి అంటే త్రి, చొతీరి చతుర్, దేస్యత్ దశ, స్తొ శతం, బ్రాత్ భ్రాత, నొవీయ్ నవ (కొత్త అనే అర్థంలో), మెద్ మధువు. అయితే వీటిని చూసి మొత్తం భాష మన వేదాల నుంచే పోయిందని వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు దయచేసి పెట్టకండి. ఒకే తాతకి పుట్టిన మనవలు, అంతే.

నిద్రలేని_కీత్ · డిసెంబర్ 6

నేనూ చదవడం మొదలెట్టా. నెలల పేర్లు చూశారా ఎవరైనా? జనవరి, ఫిబ్రవరి ఏమీ లేవు. నవంబర్ 'లిస్తొపాద్', ఆకులు రాలడం. ఆగస్టు 'సేర్పెన్', కొడవలి. ఏప్రిల్ 'క్వీతెన్', పూలు. ఫిబ్రవరి 'ల్యూతియ్' అంటే క్రూరమైనది అట. చలిమంట గారికి ఎడ్మంటన్‌లో నవంబర్ నుంచే ల్యూతియ్ అయ్యుంటుంది. మన సినిమా పాటొకటి కీవ్‌లో అధ్యక్ష భవనం ముందు తీశారు కదా, అది సేర్పెన్‌లో. అందుకే అంత ఎండ.

చలిమంట_ఎడ్మంటన్ · జనవరి 18

చాలా రోజులైంది. రోజూ అరగంట తప్పలేదు. ఇప్పుడు బామ్మగారితో వాక్యాలు నడుస్తున్నాయి. ముక్కలు ముక్కలుగానే అనుకోండి. 'ష్చె రాజ్, పొవిల్నీషె' అంటే ఇంకోసారి, కాస్త నిదానంగా అని. ఆ మాట అనగానే ఆవిడ నిదానంగా కాదు, గట్టిగా చెప్తారు. అది ప్రపంచమంతా ఒకటే అనుకుంటా.

కొత్త అవమానం. అర్థమైంది అనడానికి నేను 'జ్రొజుమీల' అంటున్నా. రెండు నెలలుగా. ఆవిడ ప్రతిసారీ ముసిముసిగా నవ్వుతున్నారు. నా ఉచ్చారణ బాగుందని మురిసిపోయా.

పద్మజ_వార్సా · జనవరి 18

అయ్యో. భూతకాలంలో నేను అన్నప్పుడు కూడా ఆడా మగా తేడా ఉంటుంది. మీరు 'జ్రొజుమీవ్' అనాలి. జ్రొజుమీల నేను అనాలి. మీరు విన్నది బామ్మగారినీ, పాడ్‌కాస్ట్‌లో అమ్మాయినీ కాబట్టి వాళ్ళ రూపమే మీ నోటికి పట్టింది. మా ఆఫీసులో ఒక తమిళ కుర్రాడిదీ ఇదే కథ, భార్య దగ్గర నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు మగవాళ్ళు మాట్లాడేవి వినండి. వాతావరణం, ఫుట్‌బాల్, ఏదైనా సరే.

చలిమంట_ఎడ్మంటన్ · జనవరి 19

జ్రొజుమీవ్.

ఇంకో డౌట్. చదవడానికి రెండు క్రియలు చూపిస్తోంది, 'చితాతి', 'ప్రొచితాతి'. ఏది వాడాలి? కోడల్ని అడిగితే 'సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది' అంది.

రాజమండ్రి_మాస్టారు · జనవరి 19

పుట్టుకతో మాట్లాడేవాళ్ళు అలాగే అంటారు నాయనా. మనల్ని ఎవరైనా చదివాను, చదివేశాను తేడా ఏమిటంటే మనమూ అంతేగా. 'సాయంత్రమంతా చదివాను' అంటాం, 'సాయంత్రమంతా చదివేశాను' అనం. అది 'యా చితావ్'. 'చదివేశాను, ఇదిగో పుస్తకం' అంటే పని ముగిసింది, అది 'యా ప్రొచితావ్'. అంతేకాదు, 'ప్రొచితాయు' చూడటానికి వర్తమానంలా ఉన్నా అర్థం భవిష్యత్తు. చదివేస్తాను అని. చదివేస్తాను అన్నవాడు ఇంకా చదవలేదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

వరంగల్_డాక్టర్ · జనవరి 19

ఈసారి మాస్టారితో గొడవ లేదు. నాకు ఇది ఆరేళ్ళు ఎవరూ ఇలా చెప్పలేదు. ఒక్కటే, ప్రతి క్రియకీ ముందు చేరేది 'ప్రొ' కాదు. రాయడానికి 'పిసాతి, నపిసాతి'. జంటగానే రాసుకోండి, పెళ్ళి పత్రికలో పేర్లలాగా.

చలిమంట_ఎడ్మంటన్ · మార్చి 22

మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. మొదటి రోజు కంచె దగ్గర బామ్మగారు పది నిమిషాలు ఏం చెప్పారో ఇవాళ అడిగా. 'అప్పుడు నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి' అని. మగ రూపంలోనే అడిగా, పద్మజ గారూ.

చెప్పారు. వరేనికి చుట్టేటప్పుడు అంచు ఎలా నొక్కాలో వాళ్ళ అమ్మ నేర్పిందట. ఊళ్ళో ఇంటి వెనక చెర్రీ చెట్టు ఉందట. వేసవిలో బంగాళాదుంప బదులు చెర్రీలు పెడతారట. ఇల్లు ఉందో లేదో తెలీదు, చెట్టు ఉందని పక్కింటామె ఫొటో పంపిందట. నాకు మూడొంతులు అర్థమైంది. తెలీని మాటలు రాసుకుని వచ్చి హొరోఖ్‌లో చూసుకున్నా. చెర్రీ 'వీష్న్య'. ఊనిక మొదట్లో.

ఆ దోసకాయల సీసా నవంబర్ నుంచి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీది తిరిగి ఇవ్వకూడదు కదా, తణుకు నుంచి వచ్చిన ఆవకాయ నింపి ఇచ్చా. ఆవిడ వాసన చూసి 'హోస్త్రె?' అని అడిగారు. కారమా అని. నేను 'త్రోఖి' అన్నా. కొంచెం అని. ఇంతలో ఆవిడ చెంచా నిండా తీసి నోట్లో పెట్టేసుకున్నారు.

పాలు, బ్రెడ్డు, మంచు, అన్నీ అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ నన్ను చూసినప్పుడల్లా వేలు చూపిస్తూ ఏదో ఒక మాట అంటున్నారు, 'బ్రెఖ్న్యా' అని వినబడుతోంది. ఏమిటది?

పద్మజ_వార్సా · మార్చి 22

అబద్ధం.